రెండు సగాలు

పదకొండుకి ఈ పక్క వేలు పెట్టి బయటికి రావాలి.
పన్నెండుకి ఆ పక్క వేలు పెట్టి లోపలికి పోవాలి.
నడుమ రోడ్డు.

ఓబులమ్మక్క ఈ పక్క అద్దాల మేడలో
ఏడు నుంచి పదకొండు దాకా ప్లేట్లు కడిగేది.
ఆ పక్క అద్దాల మేడలో
పన్నెండు నుంచి నాలుగు దాకా బల్లలు తుడిచేది.
నాలుగూ నాలుగూ ఎనిమిది.
కదిరిలో మూడో తరగతి దాకా నేర్చిన లెక్క
బెళ్ళందూరులో చెల్లలేదు.
ఇక్కడొక సగం, అక్కడొక సగం,
రెండు సగాలకీ కలిపి
ఈఎస్ఐ కార్డు లేదు, పీఎఫ్ లేదు,
జ్వరమొస్తే కూలి తెగని రోజు ఒక్కటి లేదు.
మా సూపర్వైజరు రేవణ్ణ చెడ్డోడేం కాదు.
"పార్ట్ టైమ్ కదమ్మా" అంటాడు,
వాన పడతా ఉంది కదమ్మా అన్నట్టు.

రోడ్డు సంగతి చెప్పాలి.
పోయేవి మూడు వరసలు, వచ్చేవి మూడు,
నడుమ మెట్రో స్తంభాలు.
పైన నడిచే వంతెన ఉంది, అరవై రెండు మెట్లు.
లిఫ్టుకి తాళం, తాళానికి తుప్పు.
కింద సిగ్నల్లో ఆకుపచ్చ మనిషి
పద్నాలుగు సెకన్లు నడుస్తాడు.
వారం రోజులు ఫోన్లో చూసి రాసుకున్నా.
వాడికి మోకాళ్ళ నొప్పుల్లేవు.
చేతిలో క్యారియర్ లేదు.
పొద్దున్నించి సబ్బునీళ్ళలో నానిన
చెప్పులు జారవు.
పద్నాలుగో సెకనుకి వాడు మాయం,
మేమింకా డివైడరు మీద,
చీర కుచ్చిళ్ళు పట్టుకుని,
అటూ కాక ఇటూ కాక.

ఆషాఢంలో ఒక మంగళవారం, పదకొండూ ఇరవై.
ఎదురు దారిలో వచ్చింది బండి.
నడిపినోడు గంగావతి పిల్లోడు,
వీపున సరుకుల పెట్టె.
కింద పడిన అక్కని లేపబోయి
తనే కూలబడి ఏడ్చాడు.
వాడి ఫోన్లో నాలుగు నిమిషాలు
మూడవుతున్నాయి, రెండవుతున్నాయి.
క్యారియర్ మూత దొర్లుకుంటా పోయి
బస్సు కింద అణిగింది.
చింతచిగురు పప్పు తారు మీద.
మోకాలి చిప్ప మూడు ముక్కలు.

ఈ పక్క కంపెనీ చెప్పింది:
బయటికి పోయినట్టు వేలిముద్ర ఉంది.
ఆ పక్క కంపెనీ చెప్పింది:
లోపలికి వచ్చినట్టు వేలిముద్ర లేదు.
రెండూ నిజమే.
పదకొండుకీ పన్నెండుకీ మధ్య
ఓబులమ్మక్క ఎవరి మనిషీ కాదు.

చందాలు వేసుకున్నాం. పదకొండు వేల నాలుగొందలు.
గంగావతి పిల్లోడు రెండొందలు తెచ్చి
గేటు దగ్గర ఇచ్చిపోయాడు, పేరు చెప్పకుండా.

తర్వాత మునెమ్మ కాగితం తీసింది.
నేను తెలుగులో చెప్తే రేవణ్ణ కూతురు
కన్నడంలో రాసిపెట్టింది.
సగం పనికైనా కార్డు ఇవ్వండి.
పని నుంచి పనికి పోయే గంట కూడా లెక్కే.
ఆకుపచ్చ మనిషికి ముప్పై అయిదు సెకన్లు.
లిఫ్టు తాళంచెవి ఎవరి దగ్గరుందో చెప్పండి.

ఆఫీసులో గుమాస్తా అద్దాలు సర్దుకుని చదివి
కాగితాన్ని సరిగ్గా నడిమికి మడిచాడు.
"కార్డు సంగతి వేరే ఆఫీసు, రోడ్డు సంగతి వేరే.
రెండు చేసి తెండి."
మునెమ్మ మడత విప్పి
అరచేత్తో చదును చేసి
మళ్ళీ ఆయన ముందే పెట్టింది.
"మేం మడతలో ఉండేవాళ్ళం సార్" అంది.
టీ వచ్చింది. ఆయన తాగాడు.
కాగితం అక్కడే ఉంది, ముద్ర పడలేదు.

నకలు మీద సంతకాలు ఇంకా జరుగుతున్నాయి.
నిన్న ఓబులమ్మక్క కర్రతో వచ్చింది,
ఆటోకి ఎనభై రూపాయలు పెట్టుకుని.
సంతకం వచ్చు ఆమెకి, చక్కగా వచ్చు.
అయినా చెయ్యి అలవాటు కొద్దీ
బొటనవేలు సిరాలో ముంచింది.
కాగితం మీదికి తెచ్చి, ఆపి,
మా అందరి ముఖాలూ చూసి అడిగింది:
"ఇది లోపలికా, బయటికా?"