అంచులో గీత

ఎంపొలోగోమా ఏటి ఒడ్డున, పాపిరస్ దుబ్బుల పక్క
నీలం గుడ్డా నల్ల గుడ్డా కలిపి కుట్టిన ఉచ్చు.
దాని నెత్తిన ఒక సీసా.
వారానికి రెండుసార్లు ఖాళీ చేయడం నా పని.
నెల జీతం, రెండు సబ్బులు.

మొదటిరోజు ముకోసే గారు చెప్పారు:
"మొహాలు కాదు నంగోబీ, రెక్కలు చూడు."
ఇంటీగ వాలితే
తీసి వదిలేసిన తలుపు రెక్కల్లా చెరో పక్కకీ.
కివు వాలితే ఒకదాని మీద ఒకటి,
మూసిన కత్తెర.
రెక్క నడుమ బుల్లి గొడ్డలి బొమ్మ.
"అంతే తేడా" అన్నారాయన.

అంతేనా?
ఇంటీగ నా పోషో ముద్ద మీద వాలి
చేతులు నలుపుకుంటుంది,
బాకీ అడగడానికొచ్చి మొహమాటపడుతున్నట్టు.
కివు అడగదు.
ఎద్దు మెడో, నా తమ్ముడి పిక్కో.
కీర్యా ఆ ఏడు పగలంతా నిద్రపోయాడు,
రాత్రంతా లేచి కూర్చుని
లేని మేకల్ని లెక్కపెట్టాడు.
నూటనాలుగు దగ్గర ఆపేశాడు.

అందుకే ఈ పని అడిగి మరీ తీసుకున్నాను.
ఇంటీగలకు లెక్క లేదు, పారబోయడమే.
కివులకు మగ ఒక గడి, ఆడ ఒక గడి.

ఇంటీగ పేడలో వంద గుడ్లు గుమ్మరించి
వెనక్కి తిరిగి చూడదు, అది తెలుసు.
కివు గుడ్డే పెట్టదని నాకెవరూ చెప్పలేదు.
పోయిన మంగళవారం, సీసా అడుగున
చచ్చిన ఈగల మధ్య ఒకటి బరువుగా నడుస్తోంది.
ఆగింది.
వెనక కాళ్ళతో తోసింది.
తెల్లటి పురుగు, దాదాపు తనంత,
కొసన రెండు నల్ల బొడిపెలు.
ఒక్కటే.

భూతద్దం దించకుండానే అన్నారు ముకోసే గారు:
"కడుపులోనే పాలిచ్చి పెంచుతుంది.
తొమ్మిది, పది రోజులకొకటి."
పాలా?
"పాలే."

పురుగు మట్టి కోసం వెతికింది.
గాజును తవ్వింది.
మా అమ్మ గుర్తు రాలేదు, అబద్ధమెందుకు;
చాపను గీకే కీర్యా వేళ్ళు గుర్తొచ్చాయి.

వేడినీళ్ళు పోశాను.
పుస్తకంలో మగ: మూడు. ఆడ: ఏడు.
పురుగుకి గడి లేదు.
అంచులో ఒక నిలువు గీత గీశాను,
ఎవరూ అడగలేదు.

చేతులు కడుక్కుంటుంటే
ఒక ఇంటీగ సబ్బు మీద వాలి
తనూ కడుక్కుంది.