నిలిచిన నీరు

అట్ట ఊడిపోయిన లెక్కల పుస్తకం.
డెబ్బై నాలుగో పేజీ, ఆరో లెక్క:
ఒక పడవ ముప్పై ఆరు కిలోమీటర్లు
ఏటికి ఎదురు ఆరు గంటల్లో,
ఏటివాలున నాలుగు గంటల్లో పోయింది.
నిలిచిన నీటిలో పడవ వేగమెంత?

చదివి వినిపిస్తే బ్రెమా మామ
చుక్కాని మీంచి చెయ్యి తియ్యకుండానే నవ్వాడు.
"నిలిచిన నీరా? ఎక్కడుందే అది?
నలభై ఏళ్లుగా నైజర్ మీద తిరుగుతున్నా,
నాకెప్పుడూ తగల్లేదు."

మోప్తి రేవు వెనక్కి జారిపోతోంది.
జొన్న బస్తాలు, ఎండు ఉల్లి ఉండలు,
తాడు తెంపుకోవాలని చూస్తున్న ఎవరిదో మేక,
వాటి మధ్య మోకాళ్ల మీద పుస్తకంతో నేను.

మామకు కిలోమీటర్లు పట్టవు.
ఆయన దూరాన్ని టీలతో కొలుస్తాడు.
అత్త పుట్టింటి రేవుకి మూడు గ్లాసులు:
చేదుది ఒకటి, నడిమిది ఒకటి, తియ్యనిది ఒకటి.
ఎదురెక్కాలంటే మాత్రం
కెటిల్లో మళ్లీ కొత్త ఆకు వెయ్యాలి.

మా మాస్టారు సినాలీ కరబెంతా అంటారు,
తెలియనిదాన్ని చూసి బెదరకు,
ముందు దానికో పేరు పెట్టు, అని.
పడవకు ఎక్స్ అని పెట్టాను. ఏటికి వై.
"ఏటికి పేరుందిగా!"
"ఈ ఒక్క లెక్కకే, మామా."
"అయితే మెల్లగా అను. వింటుంది."

ఎక్స్‌లోంచి వై తీసేస్తే ఆరు.
ఎక్స్‌కి వై కలిపితే తొమ్మిది.
ఒకదాని కింద ఒకటి రాసి కూడాను.
పైన తీసిన ఏరూ కింద కలిపిన ఏరూ
ఒకదాన్నొకటి మింగేశాయి.
రెండు పడవలు మిగిలాయి, పదిహేను.
ఒక్కదానికి ఏడున్నర.
అంటే, ఏటికి ఒకటిన్నర.

మామ చాలాసేపు మాట్లాడలేదు.
పోకనూ రాకనూ కలిపితే
ఏరు లేకుండా పోవడం ఆయనకు నచ్చలేదనుకున్నాను.
ఉన్నట్టుండి నడి ఏట్లో మోటారు ఆపేశాడు.

"ఇప్పుడు చెప్పు. నీ ఎక్స్ ఎంత?"
"సున్నా."
"మరి ఆ రెల్లు ఎందుకు వెనక్కి పోతోంది?"
"అది వై, మామా."
ఒడ్డు మెల్లగా, చప్పుడు లేకుండా నడుస్తోంది.
తెడ్డు పక్కన తేలుతున్న గడ్డి మోపు
మాత్రం కదల్లేదు.
మేమూ అదీ ఒకే చాప మీద కూర్చున్నట్టు
అక్కడే ఉంది.

మామ వంగి దాన్ని వేలితో తాకాడు.
"ఇదా?" అన్నాడు.
"ఇదే," అన్నాను.
ఆ మాట పుస్తకంలో లేదు,
అనేదాకా నాకూ తెలీదు.

టీ పొంగి బొగ్గుల మీద సుయ్యిమంది.
వెనక నుంచి ఎవరో తిట్టారు,
చేపలు కుళ్లిపోయేది మావి, మీవి కాదు, అని.
మోటారు దగ్గి, మళ్లీ అందుకుంది.

ఏడో లెక్క సగమే ఉంది, మిగతాది చిరిగింది.
రెండు పడవలు ఎదురెదురుగా బయల్దేరాయి, అంతవరకే.
"ఎక్కడ కలుస్తాయంటావు?" అని అడిగాను.
మామ మూడో గ్లాసు నా చేతిలో పెట్టి,
"సంత ఉన్నచోట," అన్నాడు.