మైనం దొంగ

ట్రామ్ దిగి, గేటు పక్క పూలకొట్లో
రెండు ఎర్ర దీపాలు కొంటాను, ఎప్పటిలాగే.
ఒకటి అమ్మమ్మ హెర్మీనెకి,
ఒకటి ఆవిడతో ముప్ఫై ఏళ్ళు పలకని చెల్లెలు ఒటీలియెకి.
ఇప్పుడు ఇద్దరూ ఒకే రాయి కింద.
వియన్నాలో చోటు కరువు,
అలిగినవాళ్ళకి వేరే గది దొరకదు.

సెప్టెంబరు ఎండ,
పదిసార్లు ఉతికిన గుడ్డలా పల్చగా ఉంది.
రాయి మీద పసుప్పచ్చ చీటీ అంటించారు:
గడువు ముగిసింది, ఆఫీసులో కలవండి.
పదేళ్ళకోసారి అద్దె కట్టాలిక్కడ, చచ్చిపోయినా.
నాకు డెబ్భై ఒకటి. వెనక ఎవరూ లేరు.
ఇంకో పదేళ్ళకి సంతకం పెట్టాలంటే
ఎవరి ధైర్యం అరువు తెచ్చుకోను?

పాత దీపం మూత పక్కన పడి ఉంది.
కిందటివారం నిండుగా ఉన్న మైనం
ఇప్పుడు అడుగున వేలెడు,
దాని మీద చిన్న చిన్న పళ్ళ గాట్లు.

దొంగ ఎంతో దూరం పోలేదు.
గులాబీ కుదురు పక్క బొరియలోంచి వచ్చి
వెనక కాళ్ళ మీద నిలబడ్డాడు.
గోధుమరంగు వీపు, మసిబూసినట్టు నల్లటి పొట్ట,
గవదబిళ్ళలు లేచినట్టు ఉబ్బిన దవడలు.
హామ్‌స్టర్.
నేను కదల్లేదు. వాడూ కదల్లేదు.
వొండ్రాచెక్ గారి శిలువ మీది కాకి మాత్రం
ఎవరి పక్షాన సాక్ష్యం చెప్పాలో తేలక
అటూ ఇటూ తల తిప్పింది.

యుద్ధం అయిపోయిన ఏడాది
అమ్మమ్మ ముత్యాల దుద్దులు పెట్టుకుని
పల్లెలకి రైలెక్కేదట.
తిరిగొచ్చేసరికి చెవులు బోసి,
కోటు అస్తరులో బంగాళదుంపలు,
మేజోళ్ళలో బఠాణీలు.
ఆ పనిని మావాళ్ళు ఈ జంతువు పేరుతోనే పిలిచేవారు.
ఒకసారి స్టేషన్లో పోలీసు ఆపి
ఏం తెస్తున్నావని అడిగితే నోరు విప్పలేదట,
రెండు బుగ్గల్లోనూ కరుగుతున్న పంచదార బిళ్ళలు.
ఇంటికొచ్చేసరికి ఒక్కటే మిగిలింది.
అది ఎవరికి ఇచ్చిందో నాకు తెలీదు.
ఒటీలియెకి మాత్రం కాదు.

తోపుడుబండి ఆపి జ్డెంకో అన్నాడు:
"రాయి ఒరుగుతోందమ్మా. బొరియ రెండు మీటర్లుంటుంది.
వీటి జోలికి పోకూడదని చట్టం.
కావాలంటే రాయి కింద ఇటుక పెడతా."

రెండు మీటర్లు. అంటే వాళ్ళ దాకా.
ఇన్నేళ్ళ నా మైనమంతా
ఆ చీకట్లో, అక్కాచెల్లెళ్ళిద్దరి మధ్య,
చలికాలానికని కుప్పపోసి ఉంటుంది.
"ఒరగనీ" అన్నాను.

ఒక దీపం వెలిగించాను.
రెండోది మూత తీసి, వెలిగించకుండా,
గులాబీ మొదట్లో పక్కకి పడుకోబెట్టాను.
అది ఎవరి వాటా అని అడక్కండి.

చీటీ పీకి పర్సులో పెట్టుకున్నాను.
ఆఫీసు పన్నెండింటికి మూసేస్తారు.
ఇంకా ఇరవై నిమిషాలుంది,
ఈ మోకాళ్ళతో కూడా అందుకోవచ్చు.