తలుగు

ఎద్దును అమ్మినోడు తలుగు ఇయ్యడు.
గది అంగడి కాయిదా.
మా నాయిన ఓదెలు
మైలెద్దు మెడల కెల్లి తలుగు ఇప్పి
భుజానేసుకొని అచ్చిండు
పరకాల బస్సుల, నిలవడే.

తువ్వాల కింద బేరం అయిందట.
దళారి ఏళ్లు నాయిన ఏళ్లను
మూడుసార్లు పట్టినయట, మూడుసార్లు ఇడిసినయట.
'కాలు కుంటుతది' అన్నడట.
'తొవ్వల ఆపుతరు' అన్నడట.
'డీసీఎం కిరాయెంతో ఎర్కేనా' అన్నడట.
ఎద్దు ఏమనలేదు.
నాయిన అంగీ జేబుల
పొద్దటి మక్కగింజల వాసన పట్టి
జేబును నాకిందట.

ఐతారం నన్ను తోలిండు
మండిబజార్ దాటి, ఎడమచెయ్యి గల్లీకి.
యాకూబన్న దుకాన్ల పలక మీద
పాత రేటు తుడిసిన సుద్ద,
దాని మీద కొత్తది,
దాన్ని తుడిసి ఇంకోటి.
తుడిసి తుడిసి నల్లపలకే తెల్లగైంది.
'నేనేం జెయ్యాలె బిడ్డా,
మాలు అస్తలేదు.
నేను సుత రాత్రి పప్పే తిన్న' అన్నడు
కత్తిని గోనెసంచికి తుడుసుకుంట.
కిలోకని తెచ్చిన పైసలకు
అర్ధకిలో తూగింది.
నా మొకం జూసి
ఒక బొక్క ఊకెనే ఏసిండు.

ఆత్మకూరు దాంక లెక్క వెట్టుకుంట అచ్చిన.
ఎద్దు ఎన్ని కిలోలుంటదో,
మాకు ఎంత ముట్టిందో,
ఒళ్లె సంచిల ఉన్నది ఎంతకు అచ్చిందో.
అంగట్ల కూలవడ్డ రేటు
గల్లీకచ్చేసరికి ఎట్ల లేసి నిలవడ్డది?
నడుమ ఉన్నది రోడ్డొక్కటే.
ఆ రోడ్డు మీద ఎవరెవరు చెయ్యడ్డం వెట్టిన్రో
ఎవలి జేబుల ఎంత దిగిందో
ఎద్దు చూసే ఉంటది.

లెక్క చెప్పబోతే నాయిన
'బువ్వ ముంగట ఎద్దు ముచ్చట వద్దు' అన్నడు.

అమ్మ పుంటికూర రెండు కట్టలు ఎక్కువేసింది.
తునకలు గిన్నెల
ఒకదానికొకటి అందకుంట ఈతకొట్టినయి.
'ఎనుకట' అని ఒక మాట మొదలువెట్టి
గరిటె కడుగుకుంట మరిసినట్టు చేసింది.
నాకు ఎర్కనే.
ఎనుకట దండెం నిండ తునకలెండేటియి.
నాయినమ్మ ఈతబరిగె పట్టుకొని
కాకులకు కావలి కూసునేది.
ముసురు దినాలల్ల ఇంటింటికి ఆ వాసన ఉండేది.
గిప్పుడు పెద్దకూర అంటే
పెద్దది పేరొక్కటే.

బొక్క నాయిన పల్లెంల ఏసింది.
ఆయన నా పల్లెంలకు జరిపిండు.
నేను మల్ల జరిపిన.
ఆఖరికి ఎవలు తిన్నరో యాదికి లేదు.

తెల్లారి నాయిన
కొట్టం గుంజకు, యాపకొమ్మకు నడుమ
తలుగును గుంజి కట్టిండు.
పొట్టిగైతే చీరపేలిక ముడేసిండు.
అమ్మ బట్టలారేసింది.
రెండు కాకులచ్చి
అటు నుంచి ఇటు నడిసి జూసి
ఏం లేదని పోయినయి.

అంగీ మధ్యల ఉన్నది.
ఎద్దు నాకిన జేబును
లోపలిది బయటికి గుంజి
ఆరవెట్టింది అమ్మ.