మూడు గిన్నెల క్యారియర్

ముసఫ్ఫా, క్యాంపు నంబరు పదకొండు.
రాత్రి రెండింటికి ఎసరు పెడ్త.
నాలుగు గొట్టంగ బస్సొస్తది,
ఆ లోపట మూడువందల ఎనభై క్యారియర్లు నిండాలె.

ఇంటర్ల బైపీసీ తప్పినోణ్ణి నేను.
మెట్‌పల్లి కాలేజీల, ఎనిమిది మార్కుల ప్రశ్న:
ఏటీపీ గురించి వ్రాయుము.
తెల్లకాయితం ఇచ్చి లేచొచ్చిన.
ఇరవై రెండేండ్లకు జవాబు దొరికింది,
చేతుల గంటె ఉండంగ.

మూడు గిన్నెలు సార్.
పడని తోడికోడండ్ల లెక్క
ఒకదాన్నొకటి నెట్టుకుంట
ఒక్క క్లిప్పు కింద సంసారం జేస్తయి.
తెంపితే శక్తి వస్తదని మీరు చెప్పిండ్రు.
తెంపుడు ఎప్పటికీ ఖర్చే సార్.
మీది గిన్నె ఊడి నీళ్లతోటి కలిసినంక,
ఆ కొత్త పొందికల ఉన్నది వేడి.
కంపెనీ మారినోనికి ఎరుకే ఈ సంగతి.

పుస్తకంల నాణెమని రాసిండ్రు.
నాణెమైతే ముల్లెగట్టి దాస్తరు.
ఇది నిండుతది, పోతది,
రెండే గిన్నెలతోటి వాపసొస్తది,
మళ్ల నింపుడు.
ఒంట్ల ఉన్నది చారెడు,
తెల్లారి తెల్లారేదాక తిరిగి తిరిగి
మనిషంత బరువైతది.

దాసుకునే స్టోరు రూము వేరే:
కాలేయంల బియ్యం బస్తాలు,
నడుము చుట్టూ నూనె డబ్బాలు.
ప్రతి గింజల ఏదో చేను మీది ఎండ
మూటగట్టి ఉంటది.
ఈడి ఎండనే, ఇంత ఎండనే,
ఎవ్వలమూ వండుకోలేం.

జులైల ఒకనాడు
స్కాఫోల్డింగు లింబాద్రి క్యారియరు
ర్యాకు మీదనే ఉండిపోయింది.
బస్సు పోయినంక రూముకు పోయి చూస్తే
పక్కమీద, పిడికిలి మూసుకొని.
ఏం పట్టుకున్నడోనని
దిల్‌బహదూర్ ఏండ్లు ఇప్పబోయిండు. రాలే.
క్లినిక్కుల మలయాళీ నర్సు మెల్లగ అన్నడు:
పట్టుకునేటందుకే గాదు భాయ్,
ఇడిచిపెట్టేటందుకు సుత శక్తి గావాలె.
అది అందకుంటే కండ
పట్టింది పట్టినట్టే ఉంటది.

ఈడ మాటమాటకు ఖల్లివల్లి అంటం.
ఓవర్‌టైము కోసిండ్రా, ఖల్లివల్లి.
సెలవు ఇయ్యలేదా, ఖల్లివల్లి.
గా ఒక్క మాటకు
ఎంత బువ్వ ఖర్చైతదో
ఎవ్వలు లెక్కజేసిండ్రు?

ఎసరు మసులుతున్నది.
లింబాద్రి క్యారియరు కొత్త పిలగానికిచ్చిన,
అడుగున మొలతోటి గీకిన పేరు అట్లనే ఉన్నది.
వానికి తెల్వకుంట
మీది గిన్నెల ఇంకో గంటెడు పెడ్త.