మిగులు దూది

జూలై. బాలరాట్‌లో చలి
తలుపు కింది సందులోంచి పాములా దూరుతుంది.
చర్చి హాలు వెనకగదిలో హీటరు
దగ్గి దగ్గి ఎప్పటికో ఎర్రబడుతుంది.

గ్లెనిస్ ట్రెంబాత్ బల్లమీద
నల్ల సంచి బోర్లించింది.
బొంతలు కుట్టగా మిగిలిన దూది పట్టీలు:
జానెడువి, బెత్తెడువి,
కత్తెర దారితప్పి నెలవంకలైనవి,
ఒకదానిమీద ఎవరి పిల్లి పడుకుందో
బూడిదరంగు రోమాలతో సహా.

"పారేద్దామా?" అన్నాను.
కొత్తదాన్ని, మూడో శనివారం.
కళ్ళజోడు పైనుంచి చూసింది,
చద్దన్నం కుక్కకేస్తానన్న కోడల్ని చూసినట్టు.

నేను దూదేకులోళ్ళ పిల్లని.
ఆ మాట ఇక్కడ ఎవరికి చెప్పను, ఏమని చెప్పను?
మా తాత మౌలాలి భుజాన విల్లు తగిలించుకుని
ఆళ్ళగడ్డ చుట్టుపక్కల ఇల్లిల్లూ తిరిగేవాడు.
అణగారిన పరుపు విప్పి
రాయిలాంటి దూదిని నేలమీద పోసి
విల్లుతాడు మీద గూటంతో కొడితే
టంయ్... టంయ్...
గది నిండా తెల్లమబ్బు.
కనుబొమ్మలు, మీసం, చెవుల్లో వెంట్రుకలు
అన్నీ ఒక్కపూటలో ముసలివయ్యేవి.
పాత దూది అంటూ లేదే పిల్లా,
ఏకని దూదే ఉంటుంది, అనేవాడు.
రాత్రి దగ్గేటప్పుడు మాత్రం
ఏమీ అనేవాడు కాదు.

ఈ దూది ఏకడానికి లొంగదు.
సగం పత్తి, సగం పాలియెస్టర్,
మిషన్లో అతుక్కునే పుట్టింది.
పింజ లాగబోతే సాగుతుంది, విడిపోదు.
తాత విల్లు దీని ముందు నవ్వులపాలయ్యేది.

గ్లెనిస్ రెండు పట్టీల అంచులు తిన్నగా కోసి
పక్కపక్కన పెట్టింది.
ఒకదానిమీద ఒకటి ఎక్కనివ్వలేదు.
"ఎక్కితే గట్టు లేస్తుంది,
పడుకున్నవాళ్ళ వీపు కనిపెట్టేస్తుంది.
తాకాలి, అంతే."
ఇటొక పోటు, అటొక పోటు,
దారం బిగించకుండా, వదిలెయ్యకుండా
చేత్తో వంకీల కుట్టు.

మా ఊళ్ళో మసీదు కాడ మమ్మల్ని తెలుగోళ్ళనేవారు.
తెలుగోళ్ళు సాయిబులనేవారు.
అంచు మీద అంచు ఎక్కించి కుట్టిన ఊరది,
గట్టు ఎక్కడుందో మా వీపులకి తెలుసు.

ఇదేమీ ఆమెకి చెప్పలేదు.
తెల్లదారం కండె అటు జరపమన్నాను.

మరీ చిన్న ముక్కల్ని బెరిల్ తీసుకుంది.
పీచు పీచుగా కత్తిరించి
గుండె ఆకారపు గుడ్డలో నింపుతోంది,
రొమ్ము తీసేసినవాళ్ళు చంకకింద పెట్టుకోడానికి.
నేను సాయం పట్టి, గట్టిగా కూరుతుంటే
చెయ్యి ఆపింది.
"వదులుగా. కారులో సీటుబెల్టు ఆనేది అక్కడే."
ఎలా తెలుసని ఎవరూ అడగలేదు.
కాసేపు కత్తెరల చప్పుడే.

అడుగున మిగిలినవి నాకిచ్చారు.
దస్తగిరి పాత ప్యాంటు కాలొకటి కోసి
మూతులు కుట్టి, లోపల కుక్కి,
రెండు చొక్కా బొత్తాలు కళ్ళుగా పెట్టి
మా వీధిగుమ్మం కింద పడుకోబెట్టాను.
చలిపాము మీదికి దూదిపాము.
నైట్ డ్యూటీ నుంచి వచ్చిన మనిషి
చీకట్లో దానిమీద కాలేసి
కడప జిల్లాకి వినబడేలా కేక పెట్టాడు.
తర్వాత లైటేసి, తన ప్యాంటు గుర్తుపట్టి
ఇంకా గట్టిగా అరిచాడు.

నాలుగో శనివారానికి పట్టీలన్నీ కలిసి
ఒక మంచమంత అయ్యాయి.
ఇద్దరం చెరో కొస పట్టుకుని కిటికీకి అడ్డంగా ఎత్తాం.
బలహీనమైన ఎండ వెనకనుంచి పడగానే
అతుకులన్నీ బయటపడ్డాయి.
పొలాల గట్లలా, ఎండిన కాలవల్లా,
ఎవరెవరి బొంతల్లోంచో వచ్చిన సరిహద్దులు.
రేపు పైన గుడ్డ, కింద గుడ్డ పడ్డాక
ఈ పటం మళ్ళీ ఎవరికీ కనబడదు.
చేత్తో తడిమి చూశాను. గట్టు లేదు.

ఒక మూల పిల్లి రోమాలు అలాగే ఉన్నాయి.
తియ్యబోయాను.
"ఉండనీ," అంది గ్లెనిస్,
"అవీ వెచ్చనివేగా."