తోడు

పలమనేరు పాలకేంద్రంలో పదకొండేళ్లు
గాజుగొట్టంలో పాలు కాచి చూసి
విరిగితే క్యాను వెనక్కి పంపినదాన్ని.
కుప్పెమ్మ ఇప్పటికీ నా ముఖం చూడదు.

మొన్న ఎడమ పిక్క రాయైంది.
తిరుపతిలో స్కాన్ చూసి
నెత్తురు గడ్డకట్టిందన్నాడు డాక్టరు.
తోడు ఎవరేసినారు సార్?
నీ ఒళ్లేనమ్మా. కాపుకని పుట్టిన యాంటీబాడీలు
నీ నెత్తురునే పరాయిదనుకున్నాయి.

కాసేపాగి, నిలవని కడుపులెన్నని అడిగినాడు.
మూడు.
గంగమ్మ కోపమనుకున్నాం.
మా అత్త నా నడకని తప్పుపట్టింది.

పన్నెండు వారాలాగి మళ్లీ పరీక్ష. అదే మాట.
పేరు పెట్టని ముగ్గురికీ కలిపి
నోరు తిరగని ఒక పేరు.

ఇప్పుడు నెలనెలా చెయ్యి చాపుతా.
గాజుగొట్టంలో నేను.
రెండుకీ మూడుకీ మధ్య అంకె పడితే
నర్సు తలెత్తకుండానే టిక్కు పెడతాది.

ఈ నెల క్యాను వెనక్కి రాలేదు.